క్యూ ఖాళీ అయితే కాగితం చేరినట్టేనా?

(ప్రాంతీయ కార్యాలయం సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి సమ్మేళనంలో ఒక అమ్మాయి లేచి నన్నొక ప్రశ్న అడిగింది. తొమ్మిదో తరగతి అనుకుంటాను. "అంకుల్, మా నాన్నగారు ఐటీ విభాగంలో పనిచేస్తారు. రాత్రి పదింటికి వస్తారు. ఎందుకు ఆలస్యమైందంటే ప్రింటర్ సతాయించిందంటారు. మా ఇంట్లో ప్రింటర్‌కి ఒక్క బటన్ నొక్కితే చాలు కదా, అంత పెద్ద బ్యాంకులో ఎందుకు రాదు?" అంది. అందరూ నవ్వారు. వాళ్ల నాన్నగారు తలదించుకున్నారు. నేనూ నవ్వేసి, ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వెళ్లాక మా ఆవిడ అడిగింది: "ఇంతకీ ఆ పిల్లకి జవాబు చెప్పారా?" చెప్పలేదు. ఈసారి నిర్వాహకులు మాట్లాడమన్నప్పుడు, ఆ బాకీ తీర్చుకోవచ్చని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి మూడో వరుసలో కూర్చుని ఉంది, చూశాను.

ముందు ఇంటి సంగతి. ఇంట్లో కంప్యూటర్‌లో ఒక పీడీఎఫ్ తెరిచి ప్రింట్ అంటాం. అక్కడ రెండు పనులు జరుగుతాయి. ఆ పేజీలో ఏముందో చదివి బొమ్మగా అర్థం చేసుకునే ప్రోగ్రాం ఒకటి. ఆ బొమ్మను మన ప్రింటర్‌కు తెలిసిన భాషలోకి మార్చే ప్రోగ్రాం మరొకటి, దాన్నే డ్రైవర్ అంటాం. ప్రింటర్ కొన్నప్పుడు సీడీలో ఇచ్చేవారే, అది. ఈ ఇద్దరు దుబాసీలూ మన కంటికి కనబడరు కాబట్టి బటన్ నొక్కితే కాగితం వచ్చిందనుకుంటాం.

ఇప్పుడు మా ఆఫీసు మెషీన్ సంగతి. సుమారు ఇరవై ఏళ్ల కిందట నేనున్న విభాగంలో ఏఎస్/400 అనే కంప్యూటర్ ఉండేది. ఐబీఎం వారు 1988 జూన్‌లో ప్రకటించారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ వారి తయారీ. తర్వాత 2000లో ఐసిరీస్ అన్నారు, 2006లో సిస్టమ్ ఐ అన్నారు, 2008 నుంచి దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఐబీఎం ఐ అంటున్నారు. పేరు ఎన్నిసార్లు మారినా మేం మాత్రం ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అనే పిలిచాం. ఇలాంటి వాటిని మిడ్‌రేంజ్ కంప్యూటర్లంటారు. గది నిండా ఉండే మెయిన్‌ఫ్రేమ్ పెద్దన్నయ్య, బల్ల మీది పీసీ తమ్ముడు, ఇది నడిపన్నయ్య. ఉమ్మడి కుటుంబాల్లో చూడండి, ఎక్కువ పని చేసేది నడిమివాడే, పేరు రానిదీ అతనికే. ఫ్రిజ్ అంత నల్ల పెట్టె, ముందు ఒక నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. మౌస్ లేదు. ఏడాది పొడవునా ఆపకుండా నడిచేది. దాని గురించి ఫిర్యాదు చేయడానికి నాకు నోరు రాదు.

ఆ మెషీన్‌కు ప్రింటింగ్ అంటే వరుసలు. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువైపులా చిల్లులున్న పొడవాటి కాగితం, అడ్డంగా లేత ఆకుపచ్చ చారలు, వరుసకు 132 అక్షరాలు. పిల్లలు రఫ్ వర్క్‌కి వాడుకునేవారు. మా ఇంట్లో పుస్తకాలన్నింటికీ దాని అట్టలే. ఆ కాగితం మీద ఫలానా వరుసలో ఫలానా గడి దగ్గర ఈ అక్షరం కొట్టు అని చెప్పడమే మెషీన్‌కు తెలుసు. అలా చెప్పినదాన్ని నేరుగా ప్రింటర్‌కు పంపదు. స్పూల్ ఫైలు అనే పొట్లంలో కట్టి ఒక క్యూలో పెడుతుంది. మనం కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుని కూర్చుంటాం చూడండి, అలాగే. ప్రతి ప్రింటర్‌కూ ఒక క్యూ. రైటర్ అనే గుమాస్తా ఒక్కొక్క పొట్లాన్నీ తీసి ప్రింటర్‌కు అందిస్తాడు. పొట్లాన్ని ఆపవచ్చు, వదలవచ్చు, పన్నెండో పేజీ నుంచి మళ్లీ కొట్టమనవచ్చు. రాత్రి ఎన్ని శాఖలకు ఎన్ని లిస్టులు పంపామో, ఎవరు పంపారో అంతా అక్కడే లెక్క ఉంటుంది. ఆ క్రమశిక్షణ నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇంకో చిక్కుంది. ఆ మెషీన్ అక్షరాలను గుర్తుపెట్టుకునే పట్టిక వేరు. మన పీసీలన్నీ పెద్ద ఏ అక్షరాన్ని 65 అనుకుంటాయి. ఏఎస్/400 దాన్ని 193 అనుకుంటుంది. ఆ పట్టిక పేరు ఎబ్సిడిక్. కాబట్టి మామూలు ఆఫీసు ప్రింటర్‌కు ఏది పంపాలన్నా 193ని 65 చేసి, వరుసలను ప్రింటర్ భాషలోకి మార్చి పంపే ఏర్పాటు ఒకటి మెషీన్‌లోనే ఉంటుంది. అంటే దానికీ ఒక దుబాసీ ఉన్నాడు. కాకపోతే అతనికి వరుసలే వచ్చు, బొమ్మలు రావు.

మరి వరుసలతో హాయిగా సాగిపోతున్న పనిలోకి పీడీఎఫ్ ఎందుకు వచ్చింది? తెలుగు కోసం వచ్చింది.

బంగారు నగల మీద అప్పు తీసుకుని గడువు దాటినా కట్టనివారికి, నగలు వేలం వేసే ముందు నోటీసు పంపాలి. ఇది బ్యాంకు మర్యాద మాత్రమే కాదు, చట్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 176: తాకట్టు పెట్టుకున్నవాడు వస్తువును అమ్మాలంటే, పెట్టినవాడికి తగిన నోటీసు ఇచ్చి తీరాలి. మా నోటీసులు ఏళ్ల తరబడి ఇంగ్లీషులో వెళ్లేవి. అచ్చేసిన ఫారంలో పేరు, అప్పు ఖాతా నంబరు, మొత్తం పెద్దబడి ఇంగ్లీషు అక్షరాల్లో పడేవి. ఊళ్లో పోస్ట్‌మాన్ ఇచ్చిన కాగితాన్ని పట్టుకుని బడిపంతులు ఇంటికో, మందుల షాపుకో పరుగెత్తాలి చదివించుకోవడానికి. నోటీసు తెలుగులో పోవాలని పైవారు నిర్ణయించారు. మంచి నిర్ణయం. ఆ పని నా బల్ల మీదికి వచ్చింది.

ఏఎస్/400లో మేం వాడే పట్టికలో తెలుగుకు చోటు లేదు. ఉన్నా సరిపోదు. ఉదాహరణకు 'స్త్రీ' అనే ఒక్క అక్షరం తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరింటినీ కలిపి కింద ఒత్తులు, పైన గుడి అమర్చి ఒకే ఆకారం చేయాలి. వరుసలో గడికొక అక్షరం కొట్టే మెషీన్ ఆ పని ఎలా చేస్తుంది? పీడీఎఫ్‌లో ఆ బాధ లేదు. 1993లో అడోబీ కంపెనీ తెచ్చిన ఈ పద్ధతిలో పేజీ అంటే ఒక బొమ్మ. కాగితం మీద ఇంత దూరంలో, ఇంత ఎత్తులో, ఈ ఆకారం గీయమని ఉంటుంది. అక్షరాల ఆకారాలను, అంటే ఫాంటును, ఫైలులోనే మూటగట్టి పంపవచ్చు. అవతల తెలుగు ఫాంటు లేకపోయినా తెలుగు వస్తుంది. కట్టడం మరిచిపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. అప్పట్లో డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ఆకారాలు కూర్చినవి. ఫాంటు వెంట రాకపోతే వెనకున్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. మొదటి ప్రయోగంలో మా డిప్యూటీ జనరల్ మేనేజర్ గారి ముందు అలాంటి నోటీసే ఒకటి పెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

చివరకు ఏర్పాటు ఇలా కుదిరింది. మెషీన్ నుంచి ఖాతాల వివరాలు మా విభాగంలోని ఒక పీసీకి వస్తాయి. అక్కడ తెలుగు నోటీసులు పీడీఎఫ్‌గా తయారవుతాయి. వాటిని తిరిగి మెషీన్‌లోని ఒక ఫోల్డర్లో పెడతాం. రాత్రి మిగతా లిస్టులతోపాటు అదే క్యూల ద్వారా శాఖల్లోని ప్రింటర్లకు వెళ్లిపోతాయి. పీసీ నుంచే పంపవచ్చు కదా అని మీరడగవచ్చు. ఏ శాఖకు ఏ ప్రింటర్, ఎప్పుడు పంపాం, ఎవరు పంపారు అన్న లెక్క మెషీన్‌లోనే ఉంది. ఆడిట్ వారికి ఆ లెక్కే కావాలి.

మొదటి రాత్రి నేను చేసిన పొరపాటు చెబితే ఐటీ వాళ్లు నవ్వుతారు. పీడీఎఫ్‌ను మామూలు స్పూల్ ఫైలులా పంపాను. మన దుబాసీ ఉన్నాడు కదా, అతను అలవాటు ప్రకారం ప్రతి బైటునూ 193 నుంచి 65కి మార్చినట్టు మార్చేశాడు. అక్కరలేనిచోట అనువాదం. బొమ్మ తునాతునకలైంది. దీన్ని ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు పంపు అని చెప్పే గుర్తు ఒకటుంది ఆ మెషీన్‌లో, యూజర్ ఆస్కీ అంటారు. రెండో రాత్రి అది పెట్టాను. సగం శాఖల్లో నోటీసులు ముత్యాల్లా వచ్చాయి. మిగతా సగంలో?

ఒక శాఖ నుంచి పొద్దున్నే ఫోన్. "సార్, ప్రింటర్ రాత్రంతా కొడుతూనే ఉందంట. రీము కాగితం అయిపోయింది. ప్రతి పేజీ మీదా ఒకటో రెండో వరుసలు పిచ్చి గీతలు." మొదటి పేజీ తలమీద ఏముందని అడిగాను. శాతం గుర్తు, పక్కన పీడీఎఫ్, ఒక గీత, 1.4 అన్నారు. ప్రతి పీడీఎఫ్ ఫైలూ అలాగే మొదలవుతుంది, అది దాని ఇంటిపేరు. ఆ శాఖలోని ప్రింటర్‌కు పీడీఎఫ్ చదవడం రాదు, పీసీఎల్ అనే భాష మాత్రమే వచ్చు. తనకు రాని భాషలో ఉత్తరం వస్తే అక్షరాలన్నీ పైకి చదివినట్టు, ఫైలు లోపలి సరుకునంతా కాగితం మీద కక్కింది.

ఈ రకం తప్పు గురించి నాకు బాధ లేదు. కాగితం దండగ, కానీ తప్పు జరిగిందని ఊరంతా తెలుస్తుంది. ఆ శాఖలకు నోటీసులు తాత్కాలికంగా కొరియర్‌లో పంపాం. పీడీఎఫ్ వచ్చిన ప్రింటర్లున్న శాఖలకు మాత్రం రాత్రి క్యూల ద్వారానే పంపుతూ వచ్చాం. అవి బాగున్నాయని నా ధీమా. అసలు గండం అక్కడే ఉంది.

అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి మన శాఖకు వేలం జాబితాలో 61 పేర్లు. నోటీసులు రెండు ఫైళ్లుగా పంపాం, ఒకదానిలో 38, రెండోదానిలో 23. మర్నాడు పొద్దున నేను క్యూ చూశాను. ఖాళీ. అంటే రెండు ఫైళ్లూ వెళ్లిపోయాయి. శాఖలో ట్రేలో ఉన్న నోటీసులు తీసి, కవర్లలో పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపారు.

రెండు వారాల తర్వాత ఒక ముసలావిడ శాఖకు వచ్చింది. గాజుల జత, గుండ్ల దండ తాకట్టు పెట్టి చెనిక్కాయ విత్తనాలకు అప్పు తీసుకుంది. ఆ ఏడు వాన లేదు. వడ్డీ ఎంతైందో కనుక్కుని, కొంత కట్టి పోదామని వచ్చింది, అంతే. కౌంటర్లో ఉన్న క్లర్కు పేరు చూడగానే గుర్తుపట్టాడు, వేలం జాబితాలో ఉన్న పేరది. వేలం ఇంకా తొమ్మిది రోజులుంది.

"పెద్దమ్మా, నీకు నోటీసు అందింది కదా? వేలం కాయితం?"

"కాయితమా? నాకే కాయితమూ రాలేదే నాయనా."

ముసలివాళ్లు మరిచిపోతారని ఆ కుర్రాడు సర్దుకుపోవచ్చు. పోలేదు. లేచి వెళ్లి డిస్పాచ్ రిజిస్టరు తెచ్చాడు. అందులో ఆవిడ పేరు లేదు. పోస్టాఫీసు రసీదులు లెక్కపెట్టాడు. 38. జాబితాలో 61. మేనేజర్ గారు నాకు ఫోన్ చేశారు.

నేను చెప్పిన జవాబు మాటమాటకూ గుర్తుంది. "సార్, మా వైపు నుంచి రెండు ఫైళ్లూ వెళ్లాయి. క్యూ ఖాళీగా ఉంది. ప్రింట్ అయింది. మీ దగ్గరే ఎక్కడో పడి ఉంటాయి, వెతికించండి." ఎంత ధైర్యంగా చెప్పానంటే ఆయనకు అనుమానం రాలేదు. హెడ్డాఫీసు కంప్యూటర్ చెబుతోంది మరి. శాఖంతా గాలించారు. బీరువాలు, చెత్తబుట్టలు, పాత వోచర్ల కట్టలు. ఏమీ దొరక్కపోయేసరికి అందరి చూపూ ఒక మనిషి మీదికి మళ్లింది. పొద్దున్నే ప్రింటర్ ట్రేలోంచి కాగితాలు తీసేది అటెండరు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి. "నువ్వే ఎక్కడో పడేశావు" అన్నారు ఎవరో. "ట్రేలో ఉన్నదంతా ఇచ్చాను సార్, అంతకు మించి ఒక్క కాగితం లేదు" అన్నాడట. లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు. ఆ రాత్రి ఆయన భోంచేయలేదని తర్వాత ఎవరో చెప్పారు. ఆ సంగతి ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం మేనేజర్ గారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సార్, ఒక్కసారి ఆ రెండో ఫైలు మళ్లీ పంపగలరా? నేను ప్రింటర్ ముందే నిలబడతాను." అదృష్టవశాత్తు ఫోల్డర్‌లో అసలు ఫైలు ఉంది. పంపాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది.

"ఆకుపచ్చ లైటు మినుకు మినుకు మంటోంది సార్... ఇంకా మంటోంది... తెర మీద ఏదో వచ్చింది, మెమరీ అంది... పోయింది. రెడీ అంటోంది."

"కాగితం?"

"రాలేదు."

నా తెర మీద క్యూ ఖాళీ. పొట్లం లేదు. మెషీన్ లెక్క ప్రకారం ప్రింట్ అయిపోయింది.

ఆ క్షణంలో నాకు కడుపులో తిప్పినట్టైంది. ఎందుకంటే జరిగింది అర్థమైంది. మెషీన్ అబద్ధం చెప్పలేదు, దాని మాటకు నేను చెప్పుకున్న అర్థం తప్పు. ఆ పద్ధతిలో రైటర్ పని బైట్లు అవతలకు అందించడం. అవతలి ప్రింటర్ పుచ్చుకున్నానంది. అంతటితో రైటర్ బాధ్యత తీరింది, పొట్లం తీసేశాడు. ప్రింటర్ పుచ్చుకున్నదాన్ని కాగితం మీద పెట్టిందా లేదా అని అడిగినవాడు లేడు. మనం చెక్కు వసూలుకు పంపుతాం. పంపామని రిజిస్టరులో రాసుకుంటాం. అంతమాత్రాన ఖాతాలో డబ్బు వేస్తామా? ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఉండి, ఆ తేడా నాకు ప్రింటర్ దగ్గర తట్టలేదు.

మరి మొదటి ఫైలు వచ్చి రెండోది ఎందుకు రాలేదు? 38 ఉన్నది వచ్చింది, 23 ఉన్నది రాలేదు. ఇదే నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. పీడీఎఫ్‌లో ఏ సరుకు ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. పుస్తకం చివరి పేజీలో విషయసూచిక వేసినట్టు. కాబట్టి ప్రింటర్ ఫైలంతా తన కడుపులోకి తీసుకున్నాకే మొదటి పేజీ గీయడం మొదలుపెట్టగలదు. వరుసల ప్రింటింగ్‌లో ఈ బెడద లేదు, వచ్చిన వరుస వచ్చినట్టు కొట్టేస్తుంది. మా 38 నోటీసుల ఫైలు ఒకేసారి తయారైంది, తెలుగు ఫాంటు అందులో ఒక్కసారే ఉంది. 23 నోటీసులు ఆలస్యంగా జాబితాలో చేరినవి. వాటిని ఒక్కొక్కటిగా చేసి, తర్వాత ఒక ఫైలుగా అతికించాం. అతికించేటప్పుడు ప్రతి నోటీసుతోపాటు దాని ఫాంటూ వచ్చింది. ఒకే ఫాంటు 23 సార్లు. ఆ ప్రింటర్ మెమరీ చాలలేదు. తెర మీద ఓ నిమిషం మెమరీ లేదని చూపించి, ఆ పనిని వదిలేసి, తర్వాతి పనికి సిద్ధమైపోయింది. ఆగిపోకుండా అలా ముందుకు సాగిపొమ్మని దాని సెట్టింగుల్లోనే ఉంది. రాత్రి తొమ్మిదింటికి మూసిన శాఖలో ఆ తెరను చూసేవారెవరు?

ఆ రాత్రే మేనేజర్ గారికి చెప్పాను, తప్పు మా వైపుదని. 23 పేర్లనూ ఆ వేలం నుంచి తీసేశారు. కొత్త నోటీసులు, కొత్త తేదీ. సంజాయిషీ కాగితం వెనక్కి తీసుకున్నారు. నేను ఆ వారంలోనే బస్సెక్కి శాఖకు వెళ్లాను. అటెండరుగారి దగ్గరికి వెళ్లి, నా మాట వల్లే మీకింత జరిగింది అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఊరికే రాదు కదా సార్ కాగితం, అది కొడితేనే కదా నేనిచ్చేది" అన్నాడు. టీ తెప్పించాడు. నాకు గొంతు దిగలేదు.

తర్వాత ఏం చేశామన్నది కొంచెం చెప్పి ముగిస్తాను. ప్రతి శాఖకూ పీడీఎఫ్ చదివే, మెమరీ ఎక్కువున్న ప్రింటర్లు కొనాలన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. డబ్బు సంగతి అటుంచి, అనువాదం అన్ని ఊళ్లలో అన్ని రకాలుగా జరిగితే ఎక్కడ చెడిందో ఎవరు కనిపెడతారు? మా విభాగంలోనే ఒక మామూలు పీసీలో లినక్స్ వేసి, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాం పెట్టాం. ఉచితంగా దొరుకుతుంది. తమాషా ఏమంటే అది కూడా 1988లోనే పుట్టింది, ఆగస్టులో. ఏఎస్/400 ప్రకటన కన్నా రెండు నెలలు చిన్న. మెషీన్ తన క్యూ నుంచి పీడీఎఫ్‌ను ఈ పీసీకి ఇస్తుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ చివరి పట్టిక చూసుకుని, ఒక్కొక్క పేజీని చుక్కలుగా మారుస్తుంది. చుక్కల ముగ్గే అనుకోండి. అంగుళానికి 600 చుక్కల లెక్కన ఒక ఏ4 కాగితానికి సుమారు మూడున్నర కోట్ల చుక్కలు. అంగుళానికి 300 చాలనుకుంటే ఎనభై ఏడు లక్షలు. మేం 300తో సరిపెట్టుకున్నాం, ఒత్తులు స్పష్టంగానే వచ్చాయి. ఆ చుక్కలను పీసీఎల్ భాషలో పేజీ తర్వాత పేజీ ప్రింటర్‌కు పంపుతుంది. ప్రింటర్‌కు ఇక ఆలోచించే పని లేదు, చుక్కలు పెట్టడమే. పాత ప్రింటర్లూ, కొత్తవీ, రీము కాగితం తినేసిన ఆ ప్రింటరూ, అన్నీ తెలుగు కొట్టడం మొదలుపెట్టాయి.

రెండోది, పొట్లాన్ని పంపిన వెంటనే తీసేయవద్దని మెషీన్‌కు చెప్పాం. దానికి ఒక చిన్న సెట్టింగు ఉంది, మొదటినుంచీ ఉంది, మేమే పెట్టుకోలేదు. శాఖ నుంచి అందాయన్న మాట వచ్చేదాకా పొట్లం క్యూలోనే, పంపినట్టు గుర్తుతో ఉంటుంది. మూడోది, చాలా ప్రింటర్లకు ఇప్పటిదాకా మొత్తం ఎన్ని పేజీలు కొట్టావని అడిగితే జవాబు చెప్పడం వచ్చు. పంపేముందు ఒకసారి, పంపాక ఒకసారి అడిగే ప్రోగ్రాం ఒకటి రాశాం. రెండు అంకెల తేడా నోటీసుల సంఖ్యతో కలవకపోతే నా తెర మీద ఎర్ర గీత పడుతుంది. ఇది రాయడానికి పట్టింది ఒక శనివారం మధ్యాహ్నం. ముందే రాసి ఉండవచ్చు.

నాలుగోది కంప్యూటర్‌తో పని లేనిది. ప్రతి నోటీసు అడుగున '61లో 17' అని పడుతుంది. ఆఖరున ఒక విడి కాగితం, ఈ శాఖకు మొత్తం నోటీసులు ఇన్ని అని. దాని కింద లెక్కపెట్టినవారి సంతకానికి ఒక గీత. కొందరు మేనేజర్లు విసుక్కున్నారు, కంప్యూటర్ వచ్చాక కూడా చేత్తో లెక్కపెట్టాలా అని. ఆ మండల కేంద్రం శాఖలో మాత్రం ఆ సంతకం ఎవరు చేయాలన్న చర్చే రాలేదు. రిటైరయ్యే దాకా అటెండరుగారే చేశారు. ముచ్చటైన చేతిరాత, తెలుగు సంతకం.

ఆ పెద్దమ్మ గాజులు మరుసటి పంటకు విడిపించుకుందని విన్నాను. దండ ఇంకో ఏడాది మన స్ట్రాంగ్ రూములోనే ఉందట. తర్వాతి సంగతి నాకు తెలియదు, నేను బదిలీ మీద వేరే ఊరు వెళ్లాను.

తర్వాతి వెర్షన్లలో ఆ మెషీన్ తన స్పూల్ ఫైలును తానే పీడీఎఫ్‌గా మార్చి ఇచ్చే సౌకర్యం కూడా వచ్చింది. వరుసల నుంచి బొమ్మకు పోవడం తేలిక. పీడీఎఫ్‌ను కాగితం మీదికి తేవడం మాత్రం ఇప్పటికీ మధ్యవర్తి లేనిదే జరగదు, అది ప్రింటర్‌లో ఉన్నా, పీసీలో ఉన్నా.

మూడో వరుసలోని అమ్మాయీ, మీ నాన్నగారు రాత్రి పదింటికి వచ్చి ప్రింటర్ సతాయించిందని అంటే, ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి అని అడుగు. ఆయన అంకెలతో జవాబు చెబుతారు. ఆయన నా విభాగంలోనే పనిచేశారు, ఆ ఎర్ర గీత పడినప్పుడల్లా ఫోన్ ఎత్తేది ఆయనే.

భోజనాలు సిద్ధమయ్యాయని వెనకనుంచి సైగ చేస్తున్నారు. సెలవు. నమస్కారం.